దివంగతుడి బొమ్మ, బతికున్నవాడి బొరుసు

(గ్రంథాలయం హాల్లో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక వరసలో వాళ్ళకు వినిపిస్తోందా? ఆ ఫ్యాను ఒక్కటి ఆపితే బాగుంటుంది. ఆ, ఇప్పుడు బాగుంది.

ఒక మాటతో మొదలుపెడతాను. పెళ్ళి శుభలేఖల్లో చూస్తుంటాం కదా, తాతగారు లేకపోతే ఆయన పేరు ముందు ‘దివంగత’ అని వేస్తారు. దివంగత అంటే? దివానికి వెళ్ళినవాడు. దివం అంటే ఆకాశం, స్వర్గం. ఇప్పుడు రోముకు పోదాం. అక్కడ చనిపోయిన చక్రవర్తి పేరు ముందు నాణెం మీద ఒక మాట వేసేవాళ్ళు. ఏమిటో తెలుసా? ‘దివుస్’. మన ‘దివ్’, ‘దేవ’, వాళ్ళ ‘దివుస్’ అన్నీ ఒకే పాత ధాతువు పిల్లలు. ఇదేదో నేను అల్లిన పోలిక కాదు, భాషాశాస్త్రం ఒప్పుకున్న చుట్టరికమే.

అయితే తేడా ఒకటుంది. మన దగ్గర దివంగతుడు కావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, చనిపోతే చాలు. రోములో అలా కాదు. సెనేటు కూర్చుని తీర్మానం చేయాలి. చేస్తే ఆయన దేవుడు. గుడి కడతారు, పూజారిని పెడతారు. చేయకపోతే మామూలు శవమే. తిబేరియస్‌ను చేయలేదు. కలిగులాను చేయలేదు. నీరోను చేయలేదు. డొమిషియన్ సంగతయితే, చేయకపోగా శాసనాల మీద ఉన్న పేరు కూడా చెక్కి తీసేయించారు. మళ్ళీ ల్యాటిన్‌లో రెండు మాటలున్నాయి చూడండి. పుట్టుకతోనే దేవుడైనవాడు ‘దెయుస్’. మనిషిగా పుట్టి, పోయాక దేవుళ్ళలో చేరినవాడు ‘దివుస్’. ఆడవాళ్ళయితే ‘దివా’. నేను చెప్పబోయే రోమన్ నాణేల మీద ఉండేది ఈ రెండో రకం.

ఇవాళ మీకు ఈ నాణేల గురించి చెబుతాను. ముఖ్యంగా వెండివి. ప్రతి నాణేనికీ ఒకే ప్రశ్న వేస్తాను, మీరూ వేయండి: ఎవరు వేయించారు? బొమ్మ ఎవరిదన్నది కాదు. ఎవరు వేయించారు?

మొదటిది జూలియస్ సీజర్. క్రీ.పూ. 44 మార్చి 15న సెనేటు సమావేశంలోనే పొడిచి చంపారు. ఆ వేసవిలో ఆయన పేరిట ఆటలు జరుగుతుంటే ఆకాశంలో తోకచుక్క కనిపించింది. ఏడు రోజులు కనిపించిందట. సీజర్ ఆత్మే అలా పైకి వెళ్తోందని జనం అనుకున్నారు. మనకు తోకచుక్క అంటే అరిష్టం, వాళ్ళకూ మామూలుగా అరిష్టమే. ఈసారి మాత్రం శుభం అయిపోయింది. ఎందుకయింది? సీజర్ దత్తపుత్రుడు ఆక్టేవియన్‌కు అది శుభంగా ఉండటం అవసరం. అప్పటికి అతనికి 18 ఏళ్ళు. సైన్యం లేదు, పదవి లేదు, ఎదురుగా సీజర్ సేనాని ఆంటొనీ లాంటి కొండ. క్రీ.పూ. 42లో సీజర్‌ను అధికారికంగా దేవుణ్ణి చేశారు. అంతే, కుర్రవాడి పేరు మారిపోయింది: ‘దివి ఫిలియుస్’, దివంగత దేవుడి కొడుకు. తర్వాత అతనే అగస్టస్ అయ్యాక, క్రీ.పూ. 19, 18 ప్రాంతంలో ఒక వెండి దేనారియస్ వేయించాడు. బొమ్మ వైపు అగస్టస్ తల. బొరుసు వైపు ఎనిమిది కిరణాల నక్షత్రం, దానికి మంటలాంటి తోక, అటూ ఇటూ ‘దివుస్ ఇయూలియుస్’ అని అక్షరాలు. సీజర్ మొహం కూడా లేదు. తోకచుక్కే సీజర్.

దేనారియస్ అంటే కొత్త మాట అనుకోకండి. చర్చికి వెళ్ళేవాళ్ళకు బాగా తెలుసు, తెలుగు బైబిల్లో ‘దేనారము’. కైసరుకు పన్ను కట్టాలా వద్దా అని అడిగితే, యేసు తెప్పించి చూసిన నాణెం. అది తిబేరియస్ వెండి దేనారియస్ అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. దాని మీద ఏముంటుంది? ‘తిబేరియస్ కైసర్, దివంగత అగస్టస్ కుమారుడు, అగస్టస్’. మళ్ళీ అదే. బొమ్మ బతికున్నవాడిదే, కానీ పేరు నిలబడింది చనిపోయినవాడి మీద.

ఇక్కడ ఒక్క నిమిషం మన జిల్లాకు వద్దాం. అక్కనపల్లి మీలో ఎంతమందికి తెలుసు? నల్గొండ జిల్లా అక్కనపల్లే. అక్కడ ఒక నిధి దొరికింది. 1,500కు పైగా రోమన్ వెండి దేనారియస్‌లు. ఎక్కువ భాగం అగస్టస్, తిబేరియస్ కాలంవి. అగస్టస్ నాణేల్లో మన దేశంలో ఎక్కువగా దొరికే రకం ఏదంటే, బొరుసు మీద ఆయన మనవలు గాయస్, లూసియస్ డాళ్ళు పట్టుకుని నిలబడి ఉంటారు. బొమ్మ వైపు అగస్టస్ పేరు, పక్కనే ‘దివి ఎఫ్’, అంటే ‘దివి ఫిలియుస్’కు పొట్టి రూపం. చూశారా? మిరియాలకో, బట్టలకో ఇచ్చిన వెండి అది. మన వ్యాపారి ఆ అక్షరాలు చదివి ఉండడు. ఆయనకు కావలసింది తూకం, టంచు. అప్పటి దేనారియస్ నాలుగు గ్రాములకు కాస్త తక్కువ, దాదాపు స్వచ్ఛమైన వెండి. క్రీ.శ. 64లో నీరో బరువూ తగ్గించాడు, మేలూ తగ్గించాడు. ఆ తర్వాత మన దేశానికి కొత్త దేనారియస్‌ల రాక బాగా పడిపోయింది. వచ్చినవి బంగారువే. మనవాళ్ళు వెండి విషయంలో అమాయకులేం కాదు! దేనారియస్ అన్న మాట మాత్రం మనతో ఉండిపోయింది. నాగార్జునకొండ శాసనాల్లో ‘దీనారి మాషకాలు’ దానం ఇచ్చినట్టు ఉంటుంది.

సరే, రోముకు. అగస్టస్ క్రీ.శ. 14 ఆగస్టులో పోయాడు. దేవుణ్ణి చేయాలంటే స్వర్గానికి వెళ్ళినట్టు సాక్ష్యం ఉండాలి కదా. నుమేరియస్ అట్టికస్ అనే సెనేటు సభ్యుడు, ‘నా కళ్ళతో చూశాను, చితిలోంచి పైకి వెళ్ళాడు’ అని ప్రమాణం చేశాడు. అగస్టస్ భార్య లివియా ఆయనకు పది లక్షల సెస్టర్‌షియస్‌లు ఇచ్చిందని కాసియస్ డియో అనే చరిత్రకారుడు రాశాడు. ఒక దేనారియస్‌కు నాలుగు సెస్టర్‌షియస్‌లు. అంటే రెండున్నర లక్షల వెండి దేనారియస్‌లు, ఒక్క సాక్ష్యానికి.

రోమన్లు ఇదంతా నమ్మారా అని మీరు అడుగుతారు. నమ్మినవాళ్ళూ ఉన్నారు, నవ్వినవాళ్ళూ ఉన్నారు. క్లాడియస్ పోయినప్పుడు నీరో ఆయన్ను దేవుణ్ణి చేశాడు, దివుస్ క్లాడియస్ అని వెండి నాణేలు కొట్టించాడు. అదే ఆస్థానంలో ఉన్న సెనెకా, క్లాడియస్ దేవుడు కాదు గుమ్మడికాయ అయ్యాడన్నట్టు ఎగతాళి రచన చేశాడు. నీరో మొదట్లో తన నాణేల మీద ‘దివంగత క్లాడియస్ కొడుకు’ అని వేసుకున్నాడు. కొన్నాళ్ళకే ఆ మాట తీసేశాడు. కుర్చీ గట్టిపడింది, ఇక నాన్న అక్కర్లేదు. ఇది మనం చూడనిదా? ఎన్నికల ముందు ఫ్లెక్సీ మీద దివంగత నాయకుడి ఫొటో ఎంత ఉంటుంది, గెలిచిన రెండేళ్ళకు ఎంత ఉంటుంది?

వెస్పాసియన్ అయితే తన మీద తానే జోకు వేసుకున్నాడు. క్రీ.శ. 79లో జబ్బు ముదిరినప్పుడు, ‘అయ్యో, నేను దేవుణ్ణి అయిపోతున్నట్టున్నాను’ అన్నాడట. పన్నుల లెక్కలు చూసుకునే మనిషి, ఆయనకు ఈ తతంగం అంతా తెలుసు. కొడుకు టైటస్ వెంటనే దివుస్ వెస్పాసియన్ దేనారియస్‌లు కొట్టించాడు. ఆ బొరుసుల్లో ఒకటి నాకు ఇష్టం: రెండు మకరాలు ఒక డాలు మోస్తుంటాయి, డాలు మీద ‘ఎస్ సి’ అని రెండక్షరాలు. సెనేటు ఆజ్ఞ ప్రకారం అని. దేవుడే, కానీ జీవో ఉంది!

ఇంకొకటి చెప్పి ముందుకు వెళ్తాను. డొమిషియన్‌కు ఒక పసిబిడ్డ పోయాడు. బొరుసు మీద ఆ బిడ్డ భూగోళం మీద కూర్చుని, చేతులు చాపి ఉంటాడు. చుట్టూ ఏడు నక్షత్రాలు. ‘దివుస్ కైసర్, చక్రవర్తి డొమిషియన్ కొడుకు’ అని అక్షరాలు. ఇందులోనూ రాజకీయం ఉంది, నిజమే. నేను మాత్రం ఆ నాణెం బొమ్మ చూసినప్పుడు ‘ఎవరు వేయించారు’ అని గట్టిగా అడగలేను.

ఇప్పుడు బొరుసుల మీద తరచూ కనిపించే రెండు బొమ్మలు. ఒకటి గద్ద. రెండోది మేడలాంటిది, అంతస్తు మీద అంతస్తు, పైకి పోయేకొద్దీ చిన్నదవుతూ ఉంటుంది. చుట్టూ ‘కాన్సెక్రాటియో’ అని ఉంటుంది, దేవుళ్ళలో చేర్చడం అని అర్థం. ఆ మేడ ఏమిటి? గుడి అనుకుంటారు చాలామంది. కాదు, చితి.

సెప్టిమియస్ సెవెరస్ క్రీ.శ. 211 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో, ఇప్పటి యార్క్‌లో పోయాడు. దహనం అక్కడే అయిపోయింది. రోముకు వచ్చింది అస్థికలే. మరి రోములో దేన్ని దహనం చేశారు? మైనపు బొమ్మను. హెరోడియన్ అనే చరిత్రకారుడు అంతా రాసిపెట్టాడు. చక్రవర్తి పోలికతో మైనపు బొమ్మ చేస్తారు. ఏనుగు దంతపు మంచం మీద పడుకోబెడతారు. మొహం రోగి మొహంలా పాలిపోయి ఉంటుంది. ఎడమ పక్క సెనేటు సభ్యులు నల్లబట్టల్లో, కుడిపక్క పెద్దింటి ఆడవాళ్ళు తెల్లబట్టల్లో, ఒంటి మీద నగ లేకుండా. ఇలా ఏడు రోజులు. రోజూ వైద్యులు వస్తారు. మంచం దగ్గరికి వెళ్తారు, పరీక్ష చేస్తున్నట్టు చూస్తారు, ‘ఇవాళ ఇంకా క్షీణించింది’ అని ప్రకటిస్తారు. ఎవరికి క్షీణించింది? మైనానికి! నవ్వకండి. లేదా నవ్వండి, ఫరవాలేదు. కానీ ఆలోచించండి. మనిషి ఎక్కడో దూరదేశంలో పోయాడు, ఊరు చూడలేదు. ఊరంతా చూసేలా మళ్ళీ ఒకసారి చనిపోవాలి. మన ఇళ్ళల్లో దుబాయ్‌లోనో అమెరికాలోనో పోయినవాళ్ళ కోసం ఇక్కడ ఎదురుచూసే రోజులు మీకు తెలుసు.

ఏడో రోజు చనిపోయాడని నిర్ణయిస్తారు. మంచాన్ని మోసుకుని, ఊరి నడుమ ఉన్న ఫోరం అనే చౌకు మీదుగా ఊరి వెలుపలి మైదానానికి తీసుకెళ్తారు. అక్కడ కట్టెలతో ఇల్లులా కట్టిన చితి. లోపలంతా ఎండుపుల్లలు, బయట జరీ తెరలు, దంతపు బొమ్మలు, చిత్రాలు. దాని మీద ఇంకో అంతస్తు, ఇంకో అంతస్తు. ఓడరేవులో దీపస్తంభంలా ఉంటుందంటాడు హెరోడియన్. రెండో అంతస్తులో మంచం పెడతారు. సాంబ్రాణి, సుగంధద్రవ్యాలు గుట్టలుగా పోస్తారు. గుర్రపు దళాలు చుట్టూ ప్రదక్షిణగా తిరుగుతాయి. తర్వాత కాగడా పట్టుకుని నిప్పు పెట్టేదెవరు? కొత్త చక్రవర్తి. తలకొరివి పెట్టినవాడే వారసుడు, ఇది మనకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. మంట లేవగానే పై అంతస్తు నుంచి ఒక గద్దను వదులుతారు. అది పైకి ఎగిరిపోతుంది. ఆత్మను స్వర్గానికి మోసుకెళ్ళేది అదే. రాణులకైతే నాణేల మీద నెమలిని కూడా వేస్తారు.

ఈ గద్ద, ఈ చితి ఉన్న వెండి నాణేలు ఎక్కువగా దొరికేది ఆంటొనైనస్ పయస్‌వి. క్రీ.శ. 161లో ఆయన పోయాక మార్కస్ ఆరీలియస్ వేయించినవి. కానీ ఆంటొనైనస్ కథ అంతకుముందే ఉంది. 138లో హేడ్రియన్ పోయినప్పుడు సెనేటుకు ఆయనంటే మహా కోపం, చివరి రోజుల్లో కొందరు పెద్దలను చంపించాడని. దేవుణ్ణి చేయం పొమ్మన్నారు. అప్పుడు ఆంటొనైనస్ ఏమన్నాడు? డియో రాసినదాన్ని నా మాటల్లో చెబుతాను: ‘ఆయన చెడ్డవాడైతే ఆయన చేసినవన్నీ రద్దు చేయాలి. నా దత్తత కూడా అందులోదే. అలాగైతే నేను మిమ్మల్ని పాలించను, దిగిపోతాను.’ సెనేటు దిగొచ్చింది. హేడ్రియన్ దివుస్ అయ్యాడు. తండ్రి మీద భక్తి అన్నారు, ‘పయస్’ అని బిరుదు వచ్చింది. భక్తి లేదని నేననను. కానీ ఆ లా పాయింటు చూడండి. తండ్రి దేవుడు కాకపోతే కొడుకు చక్రవర్తి కాడు!

అదే ఆంటొనైనస్ భార్య ఫౌస్టినా 140లో పోయింది. ఆ తర్వాత ఆయన 20 ఏళ్ళు బతికాడు. ఆ 20 ఏళ్ళూ ఆమె నాణేలు వస్తూనే ఉన్నాయి. బంగారం, వెండి, ఇత్తడి. ‘దివా ఫౌస్టినా’ అని బొమ్మ వైపు, తల మీద ముత్యాల జడచుట్టలు. బొరుసు మీద ‘ఎటెర్నిటాస్’, శాశ్వతత్వం అని. ఇంకో చక్రవర్తి భార్యకు చనిపోయాక ఇన్ని నాణేలు రాలేదు. ఆమె పేరిట పేద ఆడపిల్లలకు సాయం చేసే నిధి పెట్టాడు, ఫోరంలో గుడి కట్టించాడు. ఆ గుడి స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి, లోపల మాత్రం చర్చి. రోము వెళ్ళినవాళ్ళు చూడండి, పైన రాతి మీద రెండు వరసలుంటాయి. కింది వరస ‘దివా ఫౌస్టినాకు’. పై వరస, ‘దివుస్ ఆంటొనైనస్‌కూ’, ఆయన పోయాక చేర్చింది. భర్త పేరు ఇరికించినట్టు ఉంటుంది.

ఇక సెప్టిమియస్ సెవెరస్. అంతర్యుద్ధంలో గెలిచి వచ్చినవాడు, ఆఫ్రికాలో పుట్టినవాడు, పాత వంశంతో సంబంధం లేదు. ఏం చేశాడు? 195లో, ‘నేను మార్కస్ ఆరీలియస్ కొడుకును’ అని ప్రకటించుకున్నాడు. అప్పటికి మార్కస్ పోయి 15 ఏళ్ళు! చనిపోయినవాడి చేత దత్తత తీసుకోవడం చూశాం కానీ, చనిపోయినవాణ్ణి తండ్రిగా దత్తత తీసుకోవడం ఇదే. సెనేటులో ఆస్పెక్స్ అనే ఆయన, ‘కైసర్, మీకు తండ్రి దొరికినందుకు అభినందనలు’ అన్నాడట. మార్కస్ తండ్రి అయితే మరి మార్కస్ సొంత కొడుకు కమోడస్? తమ్ముడు. సెనేటు తిట్టిపోసిన కమోడస్, గోదాలోకి దిగి కత్తి తిప్పిన కమోడస్, తమ్ముడు కాబట్టి దేవుడైపోయాడు. ఈ కమోడస్‌ను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ఇప్పుడు అసలు విషయం. నేను ఇవాళ మాట్లాడతానని ఒప్పుకున్నదే దీని కోసం. డిషియస్.

క్రీ.శ. 249. రోముకు వెయ్యేళ్ళు నిండాయని ఫిలిప్ చక్రవర్తి ముందటేడే వేడుకలు చేశాడు. డాన్యూబ్ సరిహద్దులో గొడవలు. డిషియస్‌ను అక్కడికి పంపాడు. సైన్యం అతన్నే చక్రవర్తి అంది. వెరోనా దగ్గర యుద్ధంలో ఫిలిప్ పోయాడు. డిషియస్ ఎవరు? ఇప్పటి సెర్బియాలో ఉన్న సిర్మియం దగ్గర పుట్టినవాడు. చక్రవర్తుల రక్తం లేదు. పేరుకు ‘ట్రాజన్’ అని తగిలించుకున్నాడు, అదే ప్రాంతంలో డేసియాను గెలిచిన పాత ట్రాజన్ పేరు. తర్వాత ఒక నాణేల వరస కొట్టించాడు. టంకశాల మిలన్‌లోనా, రోములోనా అని పండితులు వాదించుకున్నారు, దాన్ని పక్కన పెడదాం. ఆ వరసలో 11 మంది దివంగత చక్రవర్తులు. చెబుతాను వినండి: అగస్టస్, వెస్పాసియన్, టైటస్, నెర్వా, ట్రాజన్, హేడ్రియన్, ఆంటొనైనస్ పయస్, మార్కస్ ఆరీలియస్, కమోడస్, సెప్టిమియస్ సెవెరస్, అలెగ్జాండర్ సెవెరస్. వచ్చాడా కమోడస్? వచ్చాడు. ఒకసారి దస్త్రంలోకి ఎక్కిన తప్పు 50 ఏళ్ళ తర్వాత పూజ అందుకుంటోంది.

ఒక్కొక్కరికి రెండు బొరుసులే. గద్ద ఒకటి, నిప్పు రాజుకున్న బలిపీఠం ఒకటి. రెండింటి మీదా ‘కాన్సెక్రాటియో’. 250 ఏళ్ళ చరిత్ర, అందరికీ ఒకే అచ్చు. అందరి తల మీదా సూర్యకిరణాల కిరీటం. దేవుళ్ళు కదా అని కిరణాలు పెట్టారు అనుకోకండి, అది ఆ నాణెం రకానికి గుర్తు. 215లో కారకల్లా చక్రవర్తి మొదలుపెట్టిన రెండు దేనారియస్‌ల నాణెం ఇది, బతికున్నవాళ్ళకూ అదే కిరీటం. చెప్పడం రెండు, వెండి ఒకటిన్నర. అక్కడే మోసం మొదలు. డిషియస్ నాటికి అందులో వెండి సుమారు 40 శాతం. కొన్నిసార్లు పాత దేనారియస్ మీదే కొత్త అచ్చు కొట్టేశారు. కింద పాత అక్షరాలు అక్కడక్కడ కనిపిస్తాయి. గోడ మీద పాత పోస్టర్ పైన కొత్త పోస్టర్ అంటించినట్టు.

ఎవరు లేరో చూడండి. జూలియస్ సీజర్ లేడు. క్లాడియస్ లేడు. లూసియస్ వేరస్ లేడు. పెర్టినాక్స్ లేడు. కారకల్లా లేడు. వీళ్ళందరూ కూడా దివుస్‌లే! ఎందుకు తీసేశారు? సీజర్ చక్రవర్తి కాదు, సరే. కారకల్లా తమ్ముణ్ణి చంపినవాడు, సరే. క్లాడియస్ ఎందుకు లేడు? గుమ్మడికాయ ఎగతాళి అప్పటికీ వదల్లేదేమో. ఇది నా ఊహే, పరీక్షలో రాయకండి.

ఎవరు వేయించారు? ముందు చక్రవర్తులతో చుట్టరికం లేని సేనాని. కొడుకు కాలేడు, మనవడు కాలేడు. ఒక్కడికి కొడుకునని చెప్పుకుంటే సెవెరస్‌ను ఎగతాళి చేసినట్టు చేస్తారు. కాబట్టి ఎవరికీ కొడుకు కాకుండా అందరికీ వారసుడయ్యాడు. ఇదే సమయంలో ఆయన ఇంకో పని చేశాడు. సామ్రాజ్యంలో ప్రతి ఒక్కరూ దేవతలకు బలి ఇవ్వాలి, ఇచ్చినట్టు అధికారి ముందు కాగితం తీసుకోవాలి. ఆ కాగితాలు, పాపిరస్ మీద రాసినవి, ఈజిప్టు ఇసుకలో 40కి పైగా దొరికాయి. ‘నేను ఎప్పుడూ దేవతలకు బలి ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదురుగా ఇచ్చాను, సంతకం చేయండి’ అనే తరహాలో ఉంటాయి. క్రైస్తవులకు పెద్ద కష్టం వచ్చింది, రోము బిషప్ ఫేబియన్ 250 జనవరిలో చనిపోయాడు. ఆ కాగితం, ఈ నాణెం ఒకే బుర్రలోంచి వచ్చాయని నాకనిపిస్తుంది. దేశం ఎందుకు పాడవుతోంది? పెద్దలను మర్చిపోయాం కాబట్టి. అందరూ గుర్తుచేసుకోండి, గుర్తుచేసుకున్నట్టు రసీదు చూపించండి. అదీ ఆయన ఆలోచన.

251 వేసవిలో, ఇప్పటి బల్గేరియాలోని అబ్రిటస్ దగ్గర, గోత్ అనే తెగవాళ్ళతో యుద్ధంలో డిషియస్ పోయాడు, కొడుకు కూడా పోయాడు. బయటి శత్రువుతో పోరాడుతూ పోయిన మొదటి రోమన్ చక్రవర్తి ఆయనే. బురదనేలలో మునిగిపోయాడని, శవం దొరకలేదని రాశారు.

తర్వాత వెండి గబగబా దిగజారింది. 270లో రెండో క్లాడియస్ తెగులుతో పోయాడు. ఆయన దివుస్ నాణేలు లెక్కలేనన్ని. అవే గద్ద, బలిపీఠం. కానీ వెండి రెండు మూడు శాతం, పైన పూత. ఆ పూత పోతే రాగి. గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో, బ్రిటన్‌లో ఊరూరా జనమే వాటికి నకళ్ళు కొట్టారు. గద్ద కోడిపిల్లలా ఉంటుంది, అక్షరాలు పుల్లలు విరిచి పడేసినట్టు. దేవుణ్ణి చేసే పని సెనేటు చేతిలోంచి ఎవడి కొలిమికి వాడికి వచ్చేసింది.

నకిలీ అన్నాను కాబట్టి, ఇదిగో. కొన్నేళ్ళ కిందట ఒక దివుస్ ఆంటొనైనస్ దేనారియస్ ఆన్‌లైన్‌లో కొన్నాను. అమ్మిన ఆయన పేరు వద్దు. వచ్చిన రోజు నిద్ర పట్టలేదు, అంత సంబరం. మర్నాడు మన బజారులో తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అంచు మీద గోరు పెట్టి ఒక్కసారి తిప్పి, ‘సార్, ఇది కొట్టింది కాదు, పోసింది’ అన్నాడు. అచ్చులో కరిగించి పోస్తే అంచు చుట్టూ సన్నటి గీత వస్తుంది. రోమన్లు పోయలేదు, రెండు అచ్చుల మధ్య బిళ్ళ పెట్టి సుత్తితో కొట్టారు. ల్యాటిన్ అంతా నేను చదివాను, గీత ఆయన చూశాడు.

ముందు వరసలోంచి మొదలుపెట్టి అందరూ చేతిలోకి తీసుకుని చూడండి. అసలుది కాదు కాబట్టి టెన్షన్ లేదు, కింద పడినా ఫరవాలేదు. ఆ గీత ఎక్కడుందో పట్టుకోండి. గద్ద తల కుడివైపు, చూశారా? బాబూ, ఆ లైటు ఇటు తిప్పు.